కుందేలు బొమ్మా, అత్తయ్య గారి ఫోనూ

మా అత్తయ్య గారి ఫోన్ పాడు చేసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం నాకు తేలిక.

ఓ శనివారం పొద్దున దోసెలు వేస్తుంటే ఆవిడ వంటింట్లోకి వచ్చి, "ఇదేదో రోజూ అడుగుతోందమ్మా, కాస్త చూడు" అని ఫోన్ చేతికిచ్చారు. ఏదో అప్‌డేట్. నెలల తరబడి అడుగుతున్నట్టుంది, ఆవిడ పక్కకి తోసేస్తూ వచ్చారు. నేను సరే అని నొక్కేసి, ఫోన్‌ని ఫ్రిజ్ మీద పెట్టి దోసెల పనిలో పడిపోయాను. అందరి టిఫిన్లూ అయ్యాయి. గిన్నెలు సింకులో వేసి చూద్దును కదా, ఇంకా కంపెనీ బొమ్మ దగ్గరే ఉంది. కింద చుక్కలు కదులుతున్నాయి. బట్టలు ఆరేసి వచ్చి చూశాను. అవే చుక్కలు. ఇది ఆగిపోయినట్టుందని పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాను. మన ఇళ్లల్లో ఏది మొరాయించినా ఒకసారి కట్టేసి మళ్లీ వేస్తాం కదా, సెట్ టాప్ బాక్స్ అలాగే దారికొస్తుంది.

ఫోన్ రాలేదు. బొమ్మ వచ్చింది, ఆరిపోయింది. మళ్లీ బొమ్మ, మళ్లీ చీకటి. గంటసేపు అదే వరస.

అత్తయ్య గారు ఒక్క మాట అనలేదు. "పోనీలే, పాతదేగా" అన్నారు. మావారు సాయంత్రం వచ్చి చూసి, "ఆరేళ్ల ఫోన్ అది, ఇంకెన్నాళ్లుంటుంది? రేపు కొత్తది కొనేద్దాం" అన్నారు. దానికీ ఆవిడ తలూపారు. ఆ రాత్రి చారన్నం రెండు ముద్దలు తిని లేచిపోయారు. మర్నాడు మధ్యాహ్నం భోజనం అయ్యాక రోజూలా గదిలోకి వెళ్లి పడుకోలేదు, వసారాలో కుర్చీ వేసుకుని ఊరికే రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

ఆవిడకి మధ్యాహ్నం పూట ఫోన్ చెవి పక్కన పెట్టుకుని పడుకునే అలవాటు. ప్రవచనాలు వింటున్నారని నా లెక్క. బాపట్లలో ఉన్న చెల్లెలితో మాట్లాడుతున్నారని మావారి లెక్క. ఇద్దరం ఎప్పుడూ అడిగింది లేదు. ఆవిడ గదిలోనే పడుకునే మా అమ్మాయి, ఏడో తరగతి, నేను జడ వేస్తుంటే అంది: "అమ్మా, నానమ్మ ఫోన్లో తాతయ్య ఉన్నాడు."

జడ పాయలు నా చేతిలో అలాగే ఉండిపోయాయి.

సంగతేంటంటే, ఆ ఫోన్ మొదట మా అబ్బాయిది. బీటెక్‌లో చేరినప్పుడు వాడికి కొత్తది కొన్నాం, పాతది నానమ్మకి ఇచ్చాడు. ఇస్తూ, వచ్చిన ప్రతి కాల్ దానంతట అదే రికార్డయ్యేలా పెట్టాడట. ఎందుకంటే మావయ్య గారు రోజూ పొద్దున్నే రైతు బజారుకి వెళ్లి అక్కడి నుంచి ఫోన్ చేసి ఏం కూరలు తేవాలో అడిగేవారు. ఈవిడేమో చెప్పింది మర్చిపోయి, "నేను దొండకాయలు తెమ్మనలేదే" అని గొడవ. రికార్డుంటే తీర్పు చెప్పొచ్చని మా వాడి ఉద్దేశం! తీర్పులు ఎన్ని చెప్పాడో తెలీదు కానీ, మావయ్య గారు పోయి రెండేళ్లు కావస్తోంది, ఆ కూరగాయల కబుర్లన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి. రోజుకొకటి పెట్టుకుని వింటున్నారు ఆవిడ. గూగుల్‌లో దాచిపెట్టేవి ఫోటోలే. ఈ రికార్డింగులు ఫోన్ లోపలే ఉంటాయి, ఇంకెక్కడా ఉండవు.

ఆ రోజు నా చేతికి దోసెల పిండి అంటి ఉంది, చేయి కడుక్కుని ఇంకో పావుగంట ఆగితే సరిపోయేది కదా అన్న ఆలోచన వారం పాటు నన్ను పడుకోనివ్వలేదు.

సోమవారం బజారుకి వెళ్లి రెండు దుకాణాల్లో చూపించాను. ఇద్దరూ ఒకటే మాట. "సాఫ్ట్‌వేర్ వేయాలి మేడమ్, అయిదొందలవుతుంది, లోపల ఉన్నదంతా పోతుంది." ఒకతను అప్పటికే ఏవో బటన్లు నొక్కి ఇంగ్లీషులో మూడు వరసలున్న తెర తెప్పించాడు. అందులో ఒకటి 'వైప్ డేటా'. వేలు దాని మీదకి పోతుంటే ఫోన్ లాక్కున్నంత పని చేశాను. అతని తప్పు లేదు పాపం, అందరికీ కావాల్సింది ఫోన్ పని చేయడమే. మనకి కావాల్సింది లోపలున్నది.

ఆ రాత్రి వరంగల్‌లో ఉన్న మా వాడికి ఫోన్ చేశాను. మిడ్స్ నడుస్తున్నాయి వాడికి. చెప్పిందంతా విని, "అమ్మా, ఫోన్ వెలిగినప్పుడు కంపెనీ బొమ్మతో పాటు చిన్న తాళం కనిపిస్తుందా? అది మూసి ఉందా, తెరిచి ఉందా?" అన్నాడు. చూశాను. తెరిచి ఉంది. అవతల పెద్ద ఊపిరి వినిపించింది. "అయితే బతికాం."

ఈ తాళం కథ చెప్పాలి. వాడు ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, ఎంసెట్ నెత్తి మీద పెట్టుకుని, ఈ ఫోన్‌కి 'బూట్‌లోడర్' అన్‌లాక్ చేస్తానని కూర్చున్నాడు. కంపెనీ వాళ్లని అనుమతి అడగాలి, వాళ్లు రోజుల తరబడి ఆగమంటారు, అదొక తపస్సు. అది తెరిచాక కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి ఇంకోటేదో ఎక్కించాడు. కెమెరా సరిగ్గా రావట్లేదని మళ్లీ పాతదే వేశాడు. నాకు ఒళ్లు మండి ఫోన్ లాక్కుని రెండు వారాలు బియ్యం డబ్బాలో దాచాను. "ఉన్న వస్తువుని ఉన్నట్టు ఉంచలేవా" అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. పాత సాఫ్ట్‌వేర్ అయితే వేశాడు గానీ తాళం మాత్రం మళ్లీ వేయలేదు. ఎందుకు వేయలేదురా అంటే, "బద్ధకం" అన్నాడు.

ఇప్పుడు ఆ బద్ధకమే మా ప్రాణం మీదకి అడ్డం వచ్చి నిలబడింది. ఎందుకంటే తాళం మూసి ఉన్న ఫోన్‌లోకి ఈ పద్ధతిలో మనం ఏమీ ఎక్కించలేం. ఇప్పుడు తెరుద్దామంటే, తెరిచేటప్పుడే ఫోన్ లోపలున్న వస్తువులన్నీ తుడిచేసుకుంటుంది. దొంగ ఎత్తుకెళ్లినా మన ఫోటోలు చూడకుండా ఆ ఏర్పాటు. మంచిదే. మంచిదే గానీ మాలాంటి వాళ్లకి శాపం. ముందే తెరిచి ఉంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఉన్న గదుల్లో మాత్రం కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి, మన వస్తువులున్న గది జోలికి పోకుండా రావచ్చు. ఫోన్ లోపల అలా గదులు గదులుగా ఉంటుందట. బూట్ అని ఒకటి, సిస్టమ్ అని ఒకటి, మన ఫోటోలూ రికార్డింగులూ ఉండేది యూజర్ డేటా అని ఒకటి.

"నేను ఇంటికొచ్చేదాకా ఆగు" అన్నాడు వాడు. మిడ్స్ అయ్యి, ప్రాజెక్టు అయ్యి, వాడు గుంటూరు వచ్చేది నెలన్నర తరవాత. వసారాలో కుర్చీ గుర్తొచ్చింది. "నువ్వు చెప్పు, నేను చేస్తాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "సరే, కానీ నేను చెప్పనిది ఏదీ నొక్కకు" అన్నాడు. పొయ్యి దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు వాడికి నేను చెప్పిన మాటే అది.

మా ల్యాప్‌టాప్ గురించి మీకు ఇదివరకు ఒకసారి రాశాను. మావారి ఆఫీసులో పాతవి తీసేస్తుంటే తక్కువ ధరకి వచ్చింది. విండోస్ ఉన్నప్పుడు దాన్ని ఆన్ చేసి పొయ్యి మీద పాలు పెడితే పాలే ముందు పొంగేవి. 2 జీబీ ర్యామ్‌తో అది అంతకన్నా మోయలేదని మా వాడు లుబుంటు ఎక్కించి ఇచ్చాడు. ఉబుంటు లైనక్స్‌లోనే తేలికపాటి రకం, అలంకారాలు తక్కువ, పాత మెషీన్ల మీద కూడా నడుస్తుంది. నేను మీకు రాసే ఈ కబుర్లన్నీ దాని మీద టైపు చేసేవే. ఫోన్లకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని దీని మీద అవుతుందా అని అడిగితే, "విండోస్ కన్నా సులువమ్మా, డ్రైవర్ల గోల ఉండదు" అన్నాడు. సులువన్న మాట నమ్మి కూర్చున్నాను.

మొదటి రాత్రి అంతా తిప్పలే. కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కితే ఒక నల్ల కిటికీ వస్తుంది, అందులో ఆజ్ఞలు టైపు చేయాలి. ఏడీబీ, ఫాస్ట్‌బూట్ అనే రెండు పనిముట్లు తెప్పించుకోవాలి. వాడు ఒక్కో అక్షరం చెబుతుంటే కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. నేను కొడుతున్నాను, తెర మీద ఏమీ పడట్లేదు, చుక్కలు కూడా లేవు. కీబోర్డు పోయిందిరా అన్నాను కంగారుగా. "కనిపించదమ్మా, అదంతే, కొట్టేసి ఎంటర్ నొక్కు." పక్కన ఎవరైనా చూసి ఎన్ని అక్షరాలో లెక్కపెడతారని అంత జాగ్రత్తట. మన పోపుల పెట్టెలో డబ్బులు దాచుకోవడం నయం.

తరవాత ఫోన్. వాల్యూమ్ తగ్గించే బటన్, పవర్ బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే మామూలు బొమ్మ బదులు ఇంకో బొమ్మ వచ్చింది. టోపీ పెట్టుకున్న కుందేలొకటి ఆకుపచ్చ ఆండ్రాయిడ్ బొమ్మ ముందు కూర్చుని దాన్ని రిపేరు చేస్తూ ఉంటుంది, కింద ఫాస్ట్‌బూట్ అని రాసి ఉంటుంది. ఫోన్ పూర్తిగా లేవకుండా, సగం మెలకువలో, మనం చెప్పింది వినే స్థితి అది. మూడు రోజుల్లో మొదటిసారి ఆ ఫోన్ ఆరిపోకుండా నిలబడింది. ఆ కుందేలుని చూస్తే నాకు కళ్లనీళ్లు తిరిగాయంటే నవ్వుకోకండి.

వైరు కలిపి 'ఫాస్ట్‌బూట్ డివైసెస్' అని కొట్టాను. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టాను. ఏమీ లేదు. అరగంట పోయాక తేలిందేంటంటే, నేను పెట్టిన వైరు చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది, అందులో సమాచారం పోయే తీగలే లేవు. పైకి చూస్తే రెండూ ఒకటే. ఇంట్లో ఉన్న వైర్లన్నీ డ్రాయర్ లోంచి నేల మీద పోసి ఒక్కోటీ పెట్టి చూస్తే నాలుగోది పలికింది. పలికి, 'నో పర్మిషన్స్' అంది! లైనక్స్‌లో మామూలు మనిషి వెళ్లి పరికరాల్ని ముట్టుకుంటానంటే ఒప్పుకోదట, ముందు సుడో అని పెద్దరికం తగిలించుకుని వెళ్లాలి. పెట్టాను. అప్పుడు ఫోన్ నంబరు, పక్కన ఫాస్ట్‌బూట్ అన్న మాట వచ్చాయి. టైము పదకొండున్నర. వాడికి మర్నాడు పొద్దున పరీక్ష. "పడుకోరా" అని పెట్టేశాను.

రెండో రోజు సాఫ్ట్‌వేర్ దింపుకోవడం. కంపెనీ వాళ్ల దగ్గర నుంచే తీసుకోవాలి, ఎవడు పడితే వాడు పెట్టింది తీసుకోకూడదు. అదీ సరిగ్గా ఈ మోడల్‌దే కావాలి. ఒకే పేరుతో అమ్మిన ఫోన్లకి కూడా లోపల వేరే పేర్లుంటాయి. ఫాస్ట్‌బూట్‌ని అడిగితే ఆ లోపలి పేరు చెబుతుంది. ఇంటిపేరు, గోత్రం కలవాలన్నమాట. ఇంకోటి, ఫోన్లో ఉన్నదానికన్నా పాతది ఎక్కించకూడదు. కొన్ని ఫోన్లు వెనక్కి వెళ్లనివ్వవు, బలవంతం చేస్తే ఇక ఎప్పటికీ లేవవు.

అది దాదాపు 2 జీబీ ఉంది. మా ఇంట్లో వైఫై లేదు. నా ఫోన్‌కి రోజుకి 1.5 జీబీ. చాలదని తెలిసీ, మిగిలింది మావారి ఫోన్ మీద దింపొచ్చనుకుని మొదలుపెట్టాను. చాలా దూరం వచ్చాక డేటా అయిపోయి ఆగింది, ఆగింది ఆగినట్టే మొత్తం పోయింది. నెత్తి కొట్టుకున్నాను. మా వాడు చెప్పాడు, బ్రౌజర్లో వద్దు, నల్ల కిటికీలోనే 'డబ్ల్యూగెట్' అని కొట్టి పక్కన 'హైఫన్ సి' పెట్టు, ఎక్కడ ఆగినా మళ్లీ అక్కడి నుంచే అందుకుంటుంది అని. రాత్రి పన్నెండు దాటితే కొత్త రోజు డేటా వస్తుంది కదా, కుట్టుపని పక్కన పెట్టుకుని పన్నెండు దాకా కూర్చున్నాను. ముందు నాది అయిపోయింది, తరవాత మావారి ఫోన్ హాట్‌స్పాట్. పొద్దున లేచి ఆయన "నా డేటా ఏమైంది" అన్నారు. "మీ నాన్నగారి కోసం ఖర్చయింది" అన్నాను. ఆయనకి అప్పటిదాకా రికార్డింగుల సంగతి చెప్పలేదు నేను. విని ఏం మాట్లాడలేదు. టిఫిన్ చేస్తూ మధ్యలో, "ఏం మాట్లాడతారు అందులో?" అన్నారు. "బీరకాయలు, దొండకాయలు" అన్నాను.

దిగింది సరిగ్గా దిగిందో లేదో చూసుకునే పద్ధతి కూడా ఉంది. 'ఎండీఫైవ్‌సమ్' అని కొడితే పొడుగాటి అంకెల, అక్షరాల వరస ఒకటి వస్తుంది. అందులో మొదటి పది, ఆ ఫైలు పేరు చివర ఉన్న పది ఒకటైతే మధ్యలో ఒక్క చుక్క కూడా చెడిపోనట్టు. వేలు పెట్టి ఒక్కోటీ కలుపుకుంటూ రెండుసార్లు చదివాను.

మూడో రాత్రి అసలు పని. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు తీస్తే ఆరిపోతుంది. సాఫ్ట్‌వేర్ సగం ఎక్కాక కరెంటు పోతే? ఎండలింకా ముదరలేదు, కోతలు లేవు, అయినా మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి మాకు తెలుసు. మా ఇన్వర్టర్ మీద నడిచే ప్లగ్గు టీవీ దగ్గర ఒక్కటే. టీవీ పీకేసి, నేల మీద చాప వేసుకుని అక్కడ కూర్చున్నాను. ఫోన్‌ని ముందే సాయంత్రమంతా చార్జింగ్ పెట్టి ఉంచాను. ల్యాప్‌టాప్ మధ్యలో నిద్రపోకుండా ఆ సెట్టింగు తీసేశాను. మా అమ్మాయిని వైరు తొక్కకుండా మంచం మీద కూర్చోబెట్టాను. అత్తయ్య గారికి ఏం చెప్పలేదు. చెప్పి, రాకపోతే?

దింపిన మూట విప్పితే అందులో మూడు పేర్లున్నాయి. 'ఫ్లాష్ ఆల్' ఒకటి, 'ఫ్లాష్ ఆల్ లాక్' ఒకటి, 'ఫ్లాష్ ఆల్ ఎక్సెప్ట్ స్టోరేజ్' ఒకటి. మొదటిది అన్నీ తుడిచి కొత్తగా వేస్తుంది. రెండోది తుడిచి, పైన తాళం కూడా వేస్తుంది. మూడోది మన వస్తువుల్ని వదిలేస్తుంది. చూశారా, మూడూ ఒకే మాటతో మొదలు. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఒకేలాంటివి కొని పక్కపక్కన పెట్టినట్టు. నా చేతి మీద నాకు నమ్మకం పోయి అప్పటికి ఆరు రోజులైంది. మొదటి రెండిటినీ చెరిపేస్తానన్నాను. "అక్కర్లేదమ్మా, సరిగ్గా టైపు చేస్తే చాలు" అన్నాడు వాడు. అయినా చెరిపేశాను. లేని డబ్బాలో చెయ్యి పడదు కదా.

చెరిపే ముందు ఒక పని చేశాను, అది వాడు చెప్పింది కాదు. ఆ ఫైళ్లని మామూలుగా తెరిచి చదివాను. పెద్ద మాయేం లేదండీ, వంట రాసుకున్న కాగితంలాగే ఉంది. ఒక వరసకి ఒక పని. బూట్ గదిలో ఇది పెట్టు, సిస్టమ్ గదిలో అది పెట్టు. మొదటి ఫైలులో 'యూజర్ డేటా' అని ఒక వరస ఉంది. మూడో ఫైలులో పైనుంచి కిందకి, కింద నుంచి పైకి వెతికాను. ఆ వరస లేదు. వాడికి చెబితే, "నువ్వు చదివావా!" అన్నాడు. చదవక? ఎవరి చేతి వంటో తెలియకుండా ఇంట్లో వాళ్లకి పెడతామా?

ఎంటర్ నొక్కాను. మొదట 'సెండింగ్', తరవాత 'రైటింగ్', తరవాత 'ఓకే', పక్కన ఎన్ని సెకన్లు పట్టిందో. మళ్లీ సెండింగ్, రైటింగ్, ఓకే. చిన్నవి టకటకా అయిపోయాయి. సిస్టమ్ దగ్గరికి వచ్చేసరికి ఒకేసారి పట్టక ముక్కలు ముక్కలుగా పంపుతోంది. కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టినట్టు మా అమ్మాయి 'ఓకే'లు లెక్కపెడుతోంది. ఫోన్లో మా వాడు మాట్లాడకుండా వింటున్నాడు. ఒక ముక్క దగ్గర ఎంతకీ ఓకే రాలేదు. నా చెయ్యి కీబోర్డు వైపు వెళ్లింది, నేనే దాన్ని ఇంకో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను. వచ్చింది.

ఆఖరికి 'ఫినిష్డ్' అని పడి, కుందేలు పోయి, కంపెనీ బొమ్మ వచ్చింది. కింద అవే చుక్కలు.

"ఇప్పుడు టైము పడుతుందమ్మా, మొదటిసారి పది పదిహేను నిమిషాలు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. ముట్టుకోకు."

ముట్టుకోలేదు. ఫోన్‌ని చాప మీద పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్లి పప్పు నానబోశాను. తిరిగి వచ్చాను. చుక్కలు. పెరుగు తోడుపెట్టాను. చుక్కలు. మా అమ్మాయి నిద్రపోయింది. మావారు వచ్చి చాప అంచున కూర్చున్నారు. ఇద్దరం పురిటి గది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం. ఇరవై రెండు నిమిషాలు. గడియారం చూస్తూనే ఉన్నాను కాబట్టి చెప్పగలను.

తెర మారి, తొమ్మిది చుక్కలు వచ్చాయి. ప్యాటర్న్ అడుగుతోంది. అంటే లోపల పాత మనిషే ఉన్నాడన్నమాట. అంతా తుడిచిపెట్టుకుపోయిన ఫోనైతే భాష ఏదని అడుగుతుంది గానీ పాత ప్యాటర్న్ అడగదు. "వచ్చింది" అన్నాను. మా వాడు అవతల హాస్టల్ గదిలో అరిచిన అరుపుకి పక్కవాళ్లు లేచుంటారు.

ప్యాటర్న్ మాకు తెలీదు. అత్తయ్య గారిని లేపాను. నిద్ర కళ్లతో వచ్చి, ఫోన్ అందుకుని, చుక్కల ముగ్గు కలిపినంత మామూలుగా గీసేశారు. తెర మీద మా పిల్లల ఫోటో. ఆవిడ ఇంకేమీ చూడలేదు, నేరుగా రికార్డింగులు ఉన్న చోటికి వెళ్లి, పైకి కిందకి జరిపి చూసుకుని, ఫోన్ కొంగులో పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ, "ఈ నేల మీద ఇంతసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది నీకు" అన్నారు.

ఇది చదివి మీలో కొందరు పాత ఫోన్లు బయటకి తీస్తారని తెలుసు. ముందు తాళం చూసుకోండి, అది మూసి ఉంటే నేను చెప్పిందేదీ మీకు పనికిరాదు. పద్ధతి కూడా కంపెనీని బట్టి మారుతుంది. శామ్‌సంగ్ ఫోన్లకి విండోస్ మీద ఓడిన్ అని ఒకటి వాడతారట, మనలాగా లైనక్స్ ఉన్నవాళ్లకి హైమ్‌డాల్ అని ఉంది. గూగుల్ పిక్సెల్ అయితే క్రోమ్ బ్రౌజర్లోంచే ఎక్కించే ఏర్పాటు వాళ్లే పెట్టారు. అసలు వీటన్నిటికన్నా ముందు, ఇవాళే, ఫోన్ బాగున్నప్పుడే, పోతే తట్టుకోలేనివి ఏవో అవి ఇంకో చోట కూడా పెట్టుకోండి.

మర్నాడు నేను చేసిన మొదటి పని అదే. అత్తయ్య గారిని అడిగి, ఫోన్ ల్యాప్‌టాప్‌కి కలిపి, ఆ రికార్డింగులన్నీ దింపి, ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, బీరువాలో ఆవిడ నగల పక్కన పెట్టాను. నూట నలభై మూడు ఉన్నాయి. చాలావరకు అర నిమిషం కూడా లేవు. ఒక్కటీ వినలేదు నేను. అవి ఆవిడవి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలోంచి పిలిచారు. "విన్నావా?"

"లేదత్తయ్యా."

"కూర్చో" అని మంచం మీద జరిగి, వెతికి వెతికి ఒకటి పెట్టారు. రైతు బజారు గోల, ఎవరో టమాటాల ధర అరుస్తున్నారు, దాని మీద మావయ్య గారి గొంతు, కొంచెం ఆయాసంగా. బీరకాయలు లేతగా ఉన్నాయి, తేనా? తెండి. కొత్తిమీర? ఉంది. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "నిన్న పప్పుచారులో ఉప్పెక్కువేసింది కోడలు. నువ్వేం అనకు. నేను తినేశాగా."

అక్కడితో అయిపోయింది.

నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలీలేదు. ఆవిడ నా వైపు చూడకుండా ఫోన్ మళ్లీ చెవి పక్కన పెట్టుకుంటూ, "ఎన్నాళ్లుగానో అడుగుదామనుకుంటున్నా. ఆ రోజు ఉప్పు రెండుసార్లు వేశావా ఏమిటి?" అన్నారు.

"గుర్తులేదత్తయ్యా."

"వేసే ఉంటావ్" అని అటు తిరిగి పడుకున్నారు.